మా ట్రైలర్ నేల బాగుచేసిన మాస్టారు

మాస్టారు పోయారన్న కబురు మంగళవారం ఉదయం, నేను ఆఫీస్ కాల్‌లో ఉండగా వచ్చింది. అమెరికాలో మా చాండ్లర్ ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో, కరివేపాకు మొక్క ఎవరికైనా కావాలా అన్న మెసేజ్‌ కింద, ఆయన అల్లుడు రెండు వాక్యాలు రాశారు. నిద్రలోనే వెళ్ళిపోయారు, చూడాలనుకున్నవాళ్ళు మధ్యాహ్నం తర్వాత రావచ్చు. నేను ఆ రెండు వాక్యాలూ చదివి, ఫోను బోర్లా పెట్టి, కాల్‌లో ఎవరో అడిగినదానికి జవాబు చెప్పాను. దాచుకోవడం ఎందుకు, ఆ కబురు అందేసరికి నేను ఆయన మీద ఇంకా కోపంగానే ఉన్నాను.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను. కానీ ఈ వేసవి రెండు నెలలకు పైగా ఆయన నాకు పుట్టించిన విసుగు చెప్పకుండా ఆయన మంచి చెప్పడం నాకు చేతకాదు. రెండూ ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఓపిక పట్టి చదవండి.

మాస్టారు ఆంధ్రాలో ఒక ఐటీఐలో ముప్ఫై ఏళ్ళు వడ్రంగం నేర్పారు. రిటైరయ్యాక భార్యతో కలిసి ఇక్కడికి, కూతురి దగ్గరికి వచ్చేశారు. మా వెనక వీధిలోనే ఇల్లు. వాళ్ళు నాకు చుట్టాలేమీ కారు. ఆయన్ని అందరూ మాస్టారు అనేవాళ్ళు కాబట్టి నేనూ మాస్టారన్నాను, ఆవిడ్ని పిన్నిగారన్నాను. మా కాలనీలో ఎవరింట్లో తలుపు పట్టేసినా, దేవుడి మందిరం కాలు ఊగినా ఆయనే దిక్కు. పిలిచిన రోజు మాత్రం పని మొదలుపెట్టేవారు కారు. వచ్చి, చూసి, కాఫీ తాగి వెళ్ళిపోయేవారు. రెండో రోజు కొలతలు తీసుకునేవారు. మూడో రోజుకి మనకి ఆ తలుపు మీదే విరక్తి పుట్టేది.

మాకొక పాత ట్రైలర్ ఉంది. కారు వెనక కట్టుకుని లాక్కెళ్ళే చిన్న ఇల్లనుకోండి. ఎక్కడైనా ఆపి బటన్ నొక్కితే పక్కగోడలో ఒక భాగం బీరువా సొరుగులా బయటికి జరుగుతుంది. దాన్ని స్లైడ్ అంటారు. మాదాంట్లో ఆ స్లైడ్‌లో భోజనాల బల్ల, రెండు బెంచీలు ఉంటాయి. పడుకునే వేళకి బల్ల దించి పరుపు వేస్తే అది మా అమ్మాయి మంచం. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచి అది ఆ మంచం మీదే పడుకుని, పైన్ చెట్ల మధ్యా చెరువుల పక్కనా కథలు చెప్పించుకుంది. ఈ ఆగస్టులో దాన్ని తూర్పు తీరంలో ఒక కాలేజీలో దింపి రావాలి. ఆలోపు, జూలైలో, ముగ్గురం నాలుగు రోజులు ఫ్లాగ్‌స్టాఫ్ అనే కొండ ఊరి పైన అడవిలో ఉండి రావాలని బుక్ చేసుకున్నాం. ఆ నాలుగు రోజులూ నాకు ఎంత కావాలో నేను ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత అది మా ఇంటికి వచ్చేది సెలవులకే కదా.

మే నెలాఖరులో ట్రైలర్ తెరిచి దులుపుతుంటే, మా అమ్మాయి కూర్చున్న బెంచీ ఒక పక్కకి ఒరిగింది. కింద చూస్తే నేలపై పరిచిన వినైల్ షీట్ పొంగి ఉంది. మా ఆయన షీట్ కొస ఎత్తి వేలితో నొక్కారు. వేలు లోపలికి దిగింది. చెక్క నల్లబడి, నానిన అటుకుల్లా చేతికి వచ్చింది.

సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే అక్టోబరు దాకా ఖాళీ లేదన్నారు. అప్పుడు మా ఆయనే అన్నారు, మాస్టారిని ఒకసారి పిలుద్దామని. నేనూ సరేనన్నాను. ఆ పాపంలో నాకూ భాగం ఉంది.

ఆయన మర్నాడు తెల్లవారుతూనే వచ్చారు. ఇన్‌షర్ట్ చేసిన పొడుగు చేతుల చొక్కా, హవాయి చెప్పులు, చెవి మీద పెన్సిలు. పనిముట్లన్నీ పిన్నిగారి పాత చీర ముక్కల్లో చుట్టి ఉండేవి. ఏ పనిముట్టు తీసినా ముందు కళ్ళకద్దుకునేవారు, అది ఇక్కడి షాపులో కొన్న కరెంటు రంపమైనా సరే. మోకాళ్ళ మీద వంగి, కొబ్బరికాయ చూసినట్టు నేలంతా వేలి కణుపుతో తట్టుకుంటూ వెళ్ళారు. తట్టినచోటల్లా పెన్సిలుతో గీత గీశారు. గీతలన్నీ కలిస్తే సగం నేల పోయినట్టే లెక్క.

"మూడు వారాలమ్మా," అన్నారు.

మూడు వారాలంటే జూన్ మూడో వారం. ట్రిప్‌కి ఇంకా నెల మిగులుతుంది. నేను సంతోషంగా ఆయనకి పెసరట్టు వేసి పెట్టాను.

మొదటి వారం ఆయన ఒక్క చెక్క కూడా కొయ్యలేదు. "ముందు నీళ్ళెక్కణ్ణుంచి వచ్చాయో తేలాలి. అది తేలకుండా కొత్త చెక్క వేస్తే దాన్నీ తగలేసినట్టే" అన్నారు. మాటకి వంక పెట్టలేం. కానీ ఇది ఆరిజోనా. నాలుగు చినుకులు పడితే జనం బయటికొచ్చి ఫోటోలు తీసుకునే ఊరు. ఆయన నన్ను నిచ్చెన ఎక్కించి, పైపుతో కప్పు మీద నీళ్ళు కొట్టించి, తను లోపల టార్చి పట్టుకుని పడుకునేవారు. ఒకరోజు కప్పు, ఒకరోజు కిటికీ, ఒకరోజు స్లైడ్ చుట్టూ ఉండే రబ్బరు. ఒక్క చుక్క లోపలికి రాలేదు. నేను ఆరింటి నుంచి ఎనిమిది దాకా తడిసి, తర్వాత తల తుడుచుకుని ఆఫీస్ కాల్స్‌లో కూర్చునేదాన్ని.

"మాస్టారూ, ఎలాగోలా వచ్చాయి లెండి. ఫ్లోర్ మార్చేద్దాం. ఆలస్యం అమృతం విషం అన్నారు."

"నిదానమే ప్రధానం అని కూడా అన్నారమ్మా. ఎవరి మాట వినాలో తేల్చుకునేలోపు ఆ నిచ్చెన ఇటు జరుపు."

ఎనిమిదో రోజున ఆయన పని ఆపి, టీ గ్లాసు చేత్తో పట్టుకుని, మామూలుగా అడిగినట్టు అడిగారు. "ట్రిప్ నుంచి రాగానే ఈ నేల ఎలా శుభ్రం చేస్తావమ్మా?"

నేను గర్వంగా చెప్పాను. మా ఆయన చెరువు దగ్గర చేపలు పడతారు, అక్కడే పులుసు పెడతాం. ఆ వాసన తుడిస్తే పోతుందా? తుడిస్తే మురికి పరుచుకుంటుంది, కడిగితేనే పోతుందని మా అమ్మ అనేది. కాబట్టి ఇంటికి రాగానే రెండు బకెట్ల నీళ్ళు పోసి, చీపురుతో రుద్ది, గుడ్డతో ఒత్తి తీసి, తలుపులు బార్లా తెరుస్తాను. ఈ ఎండకి అరగంటలో ఆరిపోతుంది. ఎనిమిదేళ్ళుగా ఒక్కసారి కూడా మానలేదు.

మాస్టారు టీ పూర్తిచేశారు. గ్లాసు మెట్టు మీద పెట్టారు.

"ఇది గచ్చు కాదమ్మా. రంపంపొట్టూ జిగురూ కలిపి ఒత్తిన అట్ట. అప్పడం లాంటిది. అప్పడం మీద బకెట్ నీళ్ళు పోస్తే ఏమవుతుంది?"

మా ఆయన పకపకా నవ్వారు. ఆయన నవ్వకుండా ఉంటే నేను కాస్త తట్టుకునేదాన్నేమో.

"అయితే నా వల్లేనంటారా?"

"పైన ఆరింది, షీట్ కింద ఆరలేదు. ఇకనుంచి తడిగుడ్డతో తుడుచుకో, చాలు."

"కడగని నేల మీద దీపం పెట్టమంటారా? దాని మీద నా పిల్లని పడుకోమంటారా? నా వల్ల కాదు."

నేను మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. టీ మా ఆయన చేత పంపించాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, ఆ మూడు రోజులూ ఇంట్లో గిన్నెలన్నీ ఎక్కువగా మోగాయి. మళ్ళీ మాటలు కలిశాక ఆయన ఆ కడగడం ఊసు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

తర్వాత పని మొదలైందనుకున్నాను. మొదలైంది, ఆయన పద్ధతిలో. ప్లైవుడ్ కొనడానికి షాపుకి వెళితే, షీట్లన్నీ ఒక్కొక్కటీ బయటికి లాగించి, ఒక కన్ను మూసి అంచు వెంట చూసి, "వాట్ ఈజ్ దిస్? బెండ్, బెండ్!" అని అక్కడి కుర్రాడికి చూపించేవారు. అతనికి కనపడేది కాదు, నాకూ కనపడేది కాదు. మూడు షాపులు తిరిగి రెండు షీట్లు తెచ్చాం. తెచ్చాక వాటిని మా గరాజ్‌లో నాలుగు రోజులు ఊరికే నిలబెట్టారు. ఎందుకంటే అవి ఈ ఊరి గాలికి అలవాటు పడాలట. నా కారు ఆ నాలుగు రోజులూ ఎండలో ఉడికింది.

ఈలోగా మా కాలనీ ఇళ్ళ సంఘం, అదే హెచ్‌ఓఏ, నుంచి ఉత్తరం. ఇంటి ముందు ట్రైలర్ మూడు రోజులకు మించి నిలపకూడదు. స్లైడ్ బయటికి చాపి, కింద జాకీలు పెట్టి, నేల కోసేసిన ట్రైలర్‌ని ఎక్కడికి తీసుకెళ్ళను? గడువు కోరుతూ ఈమెయిల్ రాశాను. రెండు వారాలకి మళ్ళీ రాశాను. మూడోసారి రాసేటప్పుడు, వర్క్ ఎప్పటికి కంప్లీట్ అవుతుంది అన్న గడి నింపాల్సి వచ్చింది. వెళ్ళి మాస్టారిని అడిగాను.

"అయినప్పుడు అవుతుంది అని రాయి."

"అలా రాయరండీ ఇక్కడ!"

"మరి అబద్ధం రాస్తారా?"

అన్ని మాటలూ ఇలాంటివే. తొందరపెడితే "కోసిన చెక్క పెరగదమ్మా" అనేవారు. ఐటీఐలో మొదటి ఏడాది పిల్లలకి ఉలి ఇచ్చేవారు కాదట. నెలరోజులు చెక్కలు తట్టి వినడమే పాఠం. "నాలుగో వారానికి పిల్లలకి విసుగు పోతుంది. అప్పుడు మొదలవుతుంది చదువు" అని నా వైపు చూసి నవ్వేవారు. నాకు ఏడో వారానికి కూడా విసుగు పోలేదు.

మా అమ్మాయి మాత్రం ఆయన పక్కన కూర్చునేది. చిత్రిక పట్టేటప్పుడు ఊడిపడే పలచటి చెక్క చుట్టలు ఏరి డబ్బాలో పోసుకునేది. నేను గొణుగుతుంటే, "అమ్మా, తాతగారు స్లో కాదు, కేర్‌ఫుల్. నువ్వు ఎప్పుడూ ఫాస్ట్, దెన్ రీడూ చేస్తావ్" అంది. పిల్ల అన్న మాటలో నిజం ఉంటే ఇంకా మండుతుంది. ఆయన దానికి చిత్రిక పట్టడం నేర్పారు. సన్నటి బద్దలు, ఒక చివర మందంగా, ఇంకో చివర పలచగా, పదో పన్నెండో చేయించారు. అవేమిటో నేను అడగలేదు. ఎప్పుడు అవుతుందని మాత్రమే అడిగేదాన్ని.

జూలై వచ్చింది. ప్లైవుడ్‌కి ఏదో జిగురు రసం పూత పూయాలన్నారు. ఒక పూత, రెండు రోజులు ఆరడం. పైన, కింద, అంచులకి, మేకు దిగే ప్రతి కంతలోనూ. మళ్ళీ ఇంకో పూత. ట్రిప్‌కి వారం ఉందనగా మూడో పూత అన్నారు.

"మాస్టారూ, ప్లీజ్. ఈ ఒక్క ట్రిప్‌కి ఉన్నదున్నట్టు బిగించేయండి. వచ్చాక మీ ఇష్టం, మూడు కాదు ముప్ఫై పూతలు వేయండి."

"తడి మీద బిగిస్తే మళ్ళీ ఇదే కథ. వద్దమ్మా."

"నా కూతురు వెళ్ళిపోతోందండీ."

ఆయన చేతిలోని బ్రష్షు డబ్బా అంచున పెట్టారు. ఒప్పుకుంటారనే అనుకున్నాను. "దాని మంచమేగా ఇది. సెలవులకి వచ్చి పడుకోవాలిగా. నీళ్ళోడే నేల మీద పడుకోబెట్టను" అని మళ్ళీ పూత పూయడానికి కూర్చున్నారు. నేను లోపలికి వెళ్ళి ఫ్లాగ్‌స్టాఫ్ బుకింగ్ క్యాన్సిల్ చేశాను. మా అమ్మాయి "ఇట్స్ ఓకే అమ్మా" అంది. దానికి ఓకే. నాకు కాదు.

ఆగస్టులో, మేం కాలేజీకి బయల్దేరడానికి ముందురోజు, నేల బిగించడం పూర్తయింది. పైన షీట్ పరచడం, బెంచీలు తిరిగి పెట్టడమే మిగిలాయి. చూడమని పిలిచారు. వెళ్ళాను. చెక్క అద్దంలా మెరుస్తోంది. ఆయన పనిముట్లలోంచి రసమట్టం తీశాను. గోడా నేలా సరిగ్గా ఉన్నాయో లేదో మేస్త్రీలు చూసే గొట్టం అది, లోపల గాలి బుడగ మధ్యలో నిలిస్తే లెవెల్ ఉన్నట్టు. ముందు ట్రైలర్ నడవలో పెట్టాను. బుడగ మధ్యలో నిలిచింది. స్లైడ్ నేల మీద పెట్టాను. బుడగ జారి ఒక కొసకి పోయింది. ఎక్కడ పెట్టినా అంతే.

రెండు నెలలకు పైగా దాచుకున్నదంతా అప్పుడు బయటికి వచ్చింది.

"ఇంత చేసి, చివరికి లెవెల్ కూడా రాలేదా మాస్టారూ? దీనికోసమా నా ట్రిప్ పోగొట్టింది? కళ్ళు కనపడకపోతే కనపడవని చెప్పాల్సింది. ఎవరో ఒకరు చేసేవాళ్ళు."

మా ఆయన "ఊరుకో" అన్నారు. మాస్టారు రసమట్టం తీసుకుని తుడిచి చీర ముక్కలో చుట్టారు.

"అది అంతే ఉండాలమ్మా. షీట్ మీరు వేయకండి, నేనొచ్చి వేస్తాను. వేసేముందు నీకొకటి చెప్పాలి..."

"ఇంకేం చెప్పకండి మాస్టారూ. మీకో దణ్ణం."

నిజంగానే చేతులెత్తి దణ్ణం పెట్టాను, ఎగతాళిగా. ఆయన ఒక్క క్షణం నా చేతుల వైపు చూసి, సంచీ తీసుకుని వెళ్ళిపోయారు. పెట్టిన టీ అలాగే చల్లారింది.

మేం పిల్లని దింపి వచ్చాం. పిన్నిగారు రెండుసార్లు ఫోన్ చేశారు. "మాస్టారు మీ నేల సంగతి అడుగుతున్నారమ్మా, ఎప్పుడు రమ్మంటావు?" అని. ఆఫీస్‌లో బిజీ అన్నాను. రెండోసారి ఫోన్ ఎత్తలేదు. ఆ తర్వాత వచ్చింది వాట్సాప్ మెసేజే.

వెళ్ళాను. ఆయన్ని చూశాను. చెవి మీద పెన్సిలు లేకుండా ఆయన మొహం నాకు కొత్తగా ఉంది. క్షమించమని అడగాలనుకుని, అంతమంది మధ్యలో అడగలేక ఇంటికి వచ్చేశాను. కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. ఇప్పుడది ఆయన మీదో, నా మీదో తెలియకుండా పోయింది, అంతే.

పదకొండో రోజు భోజనాలయ్యాక వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే, పిన్నిగారు నా పక్కకి వచ్చి నిలబడ్డారు.

"మీ నేల మీద షీట్ వేసేశారా అమ్మా?"

"లేదు పిన్నిగారూ."

"అమ్మయ్య. ఆయనకి అదే బెంగ. షీట్ వేసేటప్పుడు మూలన గొట్టం మూసేస్తారేమో, ఆ అమ్మాయికి చెప్పాలే అంటూ ఉండేవారు."

"ఏం గొట్టం?"

"నీళ్ళు పోయే గొట్టమమ్మా. నేలకి వాటం పెట్టారుగా." ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకున్నారు. "'ఆ పిల్ల కడగకుండా ఉండలేదే. వద్దని చెప్పి చూశాను, నాతో మాటలు మానేసింది. ఇంక నేలే మారాలి' అన్నారు. నేల కింద పెట్టే బద్దలన్నీ ఒకేలా ఏటవాలుగా రావాలని ఎన్నిసార్లు చెక్కారో. నువ్వు చూసే ఉంటావుగా."

చూశాను. వాటం అంటే ఏమిటో నాకు తెలియనిదా? మన ఇళ్ళలో గచ్చు చేసేటప్పుడు, పోసిన నీళ్ళు తూము వైపు వెళ్ళేలా మేస్త్రీలు నేలని ఒక పక్కకి రవంత వాల్చుతారు. ప్రతి స్నానాలగదిలోనూ ఉంటుంది. దాన్ని ట్రైలర్‌లో చూసి నేను లెవెల్ రాలేదని తిట్టాను.

ఇంటికి వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా ట్రైలర్ తలుపు తీశాను. స్లైడ్ బయటి అంచున, కుడి మూలలో, దుమ్ము పడకుండా టేపు అంటించి ఉంది. పీకాను. కింద చిటికెన వేలు పట్టేంత రాగి గొట్టం. నీరు చెక్కకి తగలకుండా దాని పెదవిని చుట్టూ మడిచి, నేలతో సమంగా అణగ్గొట్టారు. లోపల పురుగు రాకుండా సన్నటి జల్లెడ.

నాకు ఏడుపు కన్నా ముందు కోపమే వచ్చింది. చెప్పొచ్చు కదా మాస్టారూ! జూన్‌లో చెప్పొచ్చు, జూలైలో చెప్పొచ్చు. పక్కన కూర్చుని బద్దలు చెక్కిన పిల్లకైనా చెప్పొచ్చు. అలా కాసేపు పైకే తిట్టాను. తిట్టి తిట్టి ఆఖరి రోజు దాకా వచ్చాను. ఆరోజు ఆయన చెప్పబోయారు. నేనే దణ్ణం పెట్టాను.

ఇంట్లోంచి చెంబుతో నీళ్ళు తెచ్చి, ఎడమ గోడ పక్కన, నేల ఎత్తుగా ఉన్నచోట పోశాను. నీళ్ళు కాసేపు అక్కడే నిలబడ్డాయి. తర్వాత కదిలాయి. తొందరేమీ లేకుండా, మధ్యలో ఎక్కడా ఆగకుండా, కుడి మూలకి చేరి గొట్టంలోకి దిగాయి. కింద సిమెంటు మీద పడుతున్న చప్పుడు వినిపించింది. చేత్తో తడిమితే నేల మీద చెమ్మ తప్ప నీటిబొట్టు లేదు. మెట్లు దిగి వెళ్ళి చూశాను. స్లైడ్ కింద నీడలో అరచేయంత తడి, ఎండ తగిలే వైపు నుంచి అప్పుడే ఆరిపోతోంది. అది పూర్తిగా ఆరకముందే లోపలికి వెళ్ళి ఇంకో చెంబు పోశాను.